మా రోజుల్లో గాలికి బ్రేకులుండేవి కావు

"మా రోజుల్లో..." అని నేను నోరు తెరవగానే ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొస్తుంది. మా ఆవిడకు పొయ్యి మీద పాలు. మా మేనకోడలు బుజ్జికి ఫోను చార్జింగు. ఇంతవరకు ఆ పాలు పొంగిందీ లేదు, ఆ ఫోను ఆరిపోయిందీ లేదు. అయినా చెబుతాను. వినేవాళ్లు లేరని మానేస్తే ఇక ముసలితనానికి సుఖమేముంది?

నా రోజులంటే మరీ ఎడ్లబండ్ల కాలం కాదు. 2001, సాన్‌ఫ్రాన్సిస్కో. డాట్‌కామ్ బుడగ పేలి, మాతో వచ్చిన కుర్రాళ్లలో సగం మంది సూట్‌కేసులు సర్దుకుని హైదరాబాదు విమానం ఎక్కిన ఏడాది. రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ వేసవిలో బుద్ధున్నవాడెవడైనా నాలుగు డబ్బులు దాచుకుంటాడు. నేను వెళ్లి పతంగి కొన్నాను.

పతంగి అంటే సంక్రాంతికి ధూల్‌పేటలో బేరమాడి తెచ్చే కాగితం ముక్క కాదు. మా కారు మీద పరిస్తే కారు కనబడనంత గుడ్డ. దాని ముందంచుకు లావుపాటి గాలి ట్యూబు, రెండు కొసల నుంచి ముప్పై మీటర్ల దారాలు, దారాల చివర చేత్తో పట్టుకునే కడ్డీ, కాళ్ల కింద పలక. గాలి పతంగిని లాగుతుంది, పతంగి మనిషిని లాగుతుంది, మనిషి కాళ్లతో పలకను నీళ్ల మీద నడుపుతాడు. దీని పేరు కైట్‌బోర్డింగ్. మా అమ్మ ఫోనులో విని, "నలభై ఏళ్లొచ్చినయి, అమెరికా పోయి పతంగులు ఎగరేస్తున్నవా?" అంది. ముప్పై ఆరేనమ్మా అని సరిదిద్దాను. లాభం లేకపోయింది.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి ఎంత చెప్పినా ఎక్కదు. వాళ్ల కైటుకు నాలుగైదు దారాలుంటాయి. మధ్య దారాలు నడుము పట్టీ కొక్కేనికి తగిలించి ఉంటాయి. కడ్డీని ముందుకు వదిలితే కైటు గాలిని వదిలేస్తుంది, దగ్గరికి లాక్కుంటే మళ్లీ పట్టుకుంటుంది. స్కూటరు యాక్సిలరేటరు తిప్పినంత సులువు. నా మొదటి కైటుకు రెండే దారాలు. ఎడమది లాగితే ఎడమకు, కుడిది లాగితే కుడికి. అంతే. గాలి ఎంత వస్తే అంతా మన ఒంటి మీదికే. బ్రేకు అంటూ ఏదైనా ఉందంటే అది కడ్డీని వదిలెయ్యడమే. వదిలేస్తే మణికట్టుకు కట్టుకున్న తాడు మీద కైటు జెండాలా రెపరెపలాడి నీళ్లలో పడేది. తాడు కట్టుకోవడం మరిచిపోతే అవతలి ఊరు చేరేది.

నాకు నేర్పినాయన కైటు అమ్మినాయనే. పాఠం ఇరవై నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు ట్యూబుకు గాలి కొట్టడానికే సరిపోయింది. మిగిలిన ఐదు నిమిషాల్లో చెప్పింది ఒకే మాట: "భయమేస్తే వదిలెయ్." భయమేస్తే మనిషి పిడికిలి బిగుసుకుంటుంది గానీ విచ్చుకోదన్న సంగతి ఆయనకు తెలియదో, తెలిసీ చెప్పలేదో. ఇప్పుడు నేర్పేవాళ్లు హెల్మెట్‌లో రేడియో పెట్టి, ఒడ్డున నిలబడి చెవిలో మంత్రం చదువుతారు: "కుడి చెయ్యి కాస్త లాగు, శభాష్, మోకాళ్లు వంచు." రామేశ్వరం తీరంలో కూడా ఇప్పుడు కైట్‌బోర్డింగ్ నేర్పే బడులున్నాయి. మా చెవిలో పోసినవి పసిఫిక్ నీళ్లు తప్ప మరేమీ లేవు.

ఈ ట్యూబు పతంగి ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరపు అన్నదమ్ములు బ్రూనో, డొమినిక్ లెగెన్యూలది. 1984లో పేటెంట్ తీసుకున్నారు. నీళ్లలో పడ్డా మునగకుండా తేలి, మళ్లీ పైకి లేవగలగడం దాని గొప్ప. అది 'విపికా' పేరుతో 1997లో సరిగ్గా బజారుకొచ్చేసరికి ఒక పుష్కరం గడిచిపోయింది. 1996లో హవాయి మావీ దీవిలో లెయర్డ్ హామిల్టన్, మను బెర్తాన్ ఈ ఆట ఆడి చూపించాక లోకం కన్ను పడింది. ఆ వెనక నాలుగైదేళ్లకు ఎగబడ్డ మందలో నేనొకణ్ణి.

ఇక అసలు ఫిర్యాదుకొస్తాను. తెలుగువాడికి ఎదురు పోయేవాడంటే గౌరవం. ఏటికి ఎదురీదినవాడు వీరుడు. గాలివాటు మనిషి అంటే తిట్టు, నిలకడ లేనివాడని. ఈ ఆటలోనూ అదే వరస. కొత్తవాణ్ణి ఎవరైనా మొదట అడిగేది "ఎదురుగాలికి మళ్లి బయల్దేరిన చోటికి రాగలవా?" అనే. మాకు ఆ పరీక్ష గట్టెక్కడానికి ఏడాది పట్టింది. రోజూ గాలి తోసిన చోట తేలి, తడి కైటు నెత్తిన పెట్టుకుని, గోల్డెన్‌గేట్ వంతెన దగ్గరి క్రిస్సీ ఫీల్డు ఇసుకలో వెనక్కి నడిచేవాళ్లం. అక్కడ కుక్కల్ని తిప్పుకునేవాళ్లు ఎక్కువ. మనుషులు జాలిపడేవాళ్లు, కుక్కలు మొరిగేవి. కానీ గాలివాటంగా ఎలా పోవాలో మాత్రం ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. గాలే తోసుకుపోతుంది కదా, అందులో నేర్చుకునేదేముంది అన్నారు. ఇప్పటికీ సగం మంది మాట అదే.

ఉంది నాయనా, చాలా ఉంది. లెక్క చూడు. గాలి 20 నాట్ల వేగంతో వీస్తోంది. నువ్వు గాలి పోయే దిక్కుకే, తిన్నగా, 12 నాట్లతో పోతున్నావు. అప్పుడు నీ కైటుకు తగిలే గాలి 8 నాట్లే. లాగుడు గాలి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నిలబడ్డప్పుడు 100 రూపాయల లాగుడు ఉంటే ఇప్పుడు చేతిలో మిగిలింది 16 రూపాయలు. ఇంకాస్త తోసుకుపోతే నువ్వు నీ కైటు మీదికే పరుగెడుతున్నావన్నమాట. దారం వదులైపోతుంది. తిన్నగా గాలివాటాన పోయేవాడికి గాలే కరువు!

హైదరాబాదులో మా డాబా మీద దారం చుట్టే చరక్ పట్టుకుని నిలబడే చిన్నాయన దీన్ని ఏ లెక్కా లేకుండా చెప్పేవాడు. "ఢీల్ ఇయ్యిరా, గానీ దారం సచ్చిపోనియ్యకు." ఢీల్ వేరు, వదులు వేరు. ఢీల్ ఇచ్చేటప్పుడు దారం జారుతూనే ఉంటుంది, వేళ్ల మీద బరువు తెలుస్తూనే ఉంటుంది. వదులైతే వేళ్లకు ఏమీ తెలియదు. ఏమీ తెలియని ఆ క్షణంలోనే పక్క డాబావాడి మాంజా వచ్చి మీద పడుతుంది.

కాబట్టి గాలివాటంగా వేగంగా పోవాలంటే మొదటి సూత్రం, తిన్నగా గాలివాటాన పోకూడదు. ఘాట్ రోడ్డు దిగినట్టు దిగాలి, కాసేపు ఈ పక్కకు ఏటవాలుగా, మళ్లి కాసేపు ఆ పక్కకు. గాలిని నడివీపున కాకుండా భుజం వెనక పెట్టుకోవాలి. అప్పుడు పలక వేగం పెరిగేకొద్దీ కైటుకు తగిలే గాలీ నిలబడుతుంది. విసురు వచ్చినప్పుడు కాస్త గాలివాటు వైపుకు దిగాలి, గాలి మెత్తబడితే మళ్లీ పక్కకు లేవాలి. కొత్తవాడు సరిగ్గా తిరగేసి చేస్తాడు. విసురుకు బెదిరి ఎదురు తిరుగుతాడు, మెత్తబడగానే హాయిగా ఉందని తిన్నగా జారతాడు. ఆ హాయి ఎంతసేపు? దారం చచ్చేదాకా.

రెండోది, కైటును ఎక్కడ ఉంచాలి. మాకు ఆకాశం ఒక గడియారం. నడినెత్తిన 12. నీటి అంచున ఒక పక్క 9, ఇంకో పక్క 3. 12 దగ్గర పెడితే కైటు మనిషిని పైకి లేపుతుంది, పలకకు నీటి పట్టు తప్పుతుంది. వేగం కావాలంటే 10 దగ్గరో 2 దగ్గరో ఉంచాలి, గాలి ముదిరితే ఇంకా కిందికి దించాలి. అప్పుడు లాగుడంతా ముందుకే. గాలి చాలకపోతే కైటును ఒకచోట నిలపకూడదు, పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. కదిలే కైటు తనకు కావలసిన గాలిని తనే పుట్టించుకుంటుంది.

మూడోది కాళ్లు. ఎదురుగాలికి పోయేటప్పుడు మడమలు గుచ్చి పలకను అంచు మీద నిలబెడతాం. గాలివాటుకు మళ్లగానే ఆ అంచు సడలించి పలకను చదును చెయ్యాలి. బరువు వెనక కాలి మీద, ముందు మోకాలు మెత్తగా. పలక ముక్కు కెరటంలో గుచ్చుకుందా, చెప్పులు ఒడ్డున వదిలి గుళ్లోకి పోయినట్టు, పలకను అక్కడే వదిలి మనిషి ముందుకు పోతాడు. చూపు కాళ్ల కింది కెరటం మీద కాదు, దానికి రెండు కెరటాల అవతల ఉండాలి. మిట్టలెక్కకుండా పల్లాల వెంట దారి చూసుకోవాలి.

చివరిది మలుపు. మేం కైటును నడినెత్తి మీదుగా అవతలి పక్కకు పంపేవాళ్లం. అది 12 దాటేటప్పుడు ఒక్క క్షణం మనిషిని తేల్చి, ఆ వెంటనే లాగుడు పోయి, పలక చతికిలబడేది. ఇప్పటి పిల్లలు కైటును కిందికి, నీటి మీదుగా గుండ్రంగా తిప్పుతారు. డౌన్‌లూప్ అంటారు. మలుపు పొడుగునా దారం బిగువుగానే ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని ఒప్పుకుంటాను. బ్రేకుల్లేని మా కైటులతో అదే పని చేస్తే భుజం గూడు తప్పేది. నాకు తప్పింది కూడా, ఎడమది.

క్రిస్సీ ఫీల్డు గాలి సంగతీ చెప్పాలి. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ పెనంలా కాలుతుంది. అక్కడి వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి పసిఫిక్ చల్లగాలి గోల్డెన్‌గేట్ సందులోంచి దూసుకొస్తుంది. మాకు యాప్ లేదు. వంతెన స్తంభాల మీద పొగమంచు ఎంత కిందికి జారిందో చూసేవాళ్లం. దూరాన నీళ్లు ఎక్కడ నల్లబడ్డాయో, ఆ నలుపు ఎంత తొందరగా ఇటు వస్తోందో చూసేవాళ్లం. సంచిలో ఆటుపోట్ల పట్టిక ఉండేది. ఆటు సమయంలో నీళ్లు వంతెన కిందుగా సముద్రంలోకి నాలుగైదు నాట్ల వేగంతో పోతాయి. పడమటి గాలికి అవి ఎదురెక్కి కెరటాలు మెట్లలా నిటారుగా లేస్తాయి. పోటు వేళ గాలీ నీళ్లూ ఒకే దిక్కు, నీటి మీద ముడతలు తగ్గుతాయి. గాలివాటు ప్రయాణానికి పోటే మంచిది. ఆటులో కైటు పడిందా, జపాను దారి పట్టినట్టే. బుజ్జిని "ఇవాళ నీళ్లు ఎటు పోతున్నాయమ్మా?" అని అడగండి. సముద్రం వైపు చూడదు, మణికట్టు వైపు చూస్తుంది.

2003 ఆగస్టులో ఒక శనివారం. అప్పటికి నాలుగు దారాల కైటు కొన్నాను, ఎర్రది. క్రిస్సీ నుంచి ఆవలి ఒడ్డు బర్కిలీకి, నీళ్ల మీద 14, 15 కిలోమీటర్లు, గాలివాటు ప్రయాణం. ముగ్గురం బయల్దేరాం. మా ఆవిడ కారులో ముందే బర్కిలీ చేరి, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర పెట్టుకుని కూర్చుంది. అల్కట్రాజ్ దీవి దాటేదాకా నేను రాజునే. దాటాక గాలి కాస్త మెత్తబడింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కెరటం వెనకనుంచి ఎత్తి తోసింది. హాయిగా దాని వీపు మీద తిన్నగా జారాను. చేతిలో కడ్డీ తేలికైంది. ఎంత తేలికంటే, అసలు చేతిలో ఏమీ లేనంత. చిన్నాయన మాట గుర్తొచ్చేలోపు దారాలు నా ముందు నీటి మీద సేమ్యాల్లా పడున్నాయి. ఎర్ర కైటు తల వాల్చి, తడి దుప్పటిలా మడతపడి దిగింది.

ఆ కాలపు కైటును నీళ్లలోంచి లేపడమంటే బురదలో పడుకున్న గేదెను లేపడమే. మిగతా ఇద్దరూ ఎప్పుడో కనుచూపు దాటిపోయారు. అరగంట పెనుగులాడి, దారాలు కడ్డీకి చుట్టుకుంటూ కైటును చేరుకుని, దాని కొసను తెరచాపలా పట్టుకుని ఒడ్డుకు తేలాను. పిక్కకు చుట్టుకున్న దారం కోసిన గీత ఇప్పటికీ ఉంది. చూపుడువేలి మీద హైదరాబాదు మాంజా గీత, పిక్క మీద ఇది. గాలి విషయంలో నా డిగ్రీలు ఈ రెండే.

ఇక బుజ్జి, మా చెల్లెలి కూతురు. ఎం.ఎస్. చదవడానికొచ్చి, ఉద్యోగం తెచ్చుకుని, నా వెంట క్రిస్సీకి వచ్చి సరదాగా మొదలుపెట్టి, నాలుగేళ్లు తిరక్కుండా ఫాయిల్ ఎక్కింది. పలక కింద ఒక సన్నని స్తంభం, దాని చివర విమానానికున్నట్టు చిన్న రెక్కలు. వేగం అందుకోగానే పలక నీళ్లు వదిలి లేచిపోతుంది, నీళ్లలో మిగిలేది ఆ రెక్కలే. కింద కెరటాలు తన్నుకుంటుంటే పైన ఈ పిల్ల చప్పుడు లేకుండా పోతుంటుంది. 2024 ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన కైట్ పందేలు జరిగింది దీని మీదే. టీవీలో చూస్తూ, "ఇది కైట్‌బోర్డింగ్ కాదు, సముద్రానికి ఇస్త్రీ చెయ్యడం" అన్నాను. బుజ్జి కాగితం, పెన్సిలు తెచ్చింది.

"18 నాట్ల గాలి అనుకో మామయ్యా. గాలివాటుకు 45 డిగ్రీల ఏటవాలులో 30 నాట్లతో పోతున్నా. గాలి పోయే దిక్కుకు నేను ఎంత వేగంతో పోతున్నట్టు?"

"21 చిల్లర."

"గాలి 18, నేను 21. ఇక్కడ ఒక బెలూన్ వదిలితే, నేను అటూ ఇటూ మలుపులు తిరుగుతూ కూడా దానికన్నా ముందు చేరతా. నాకు గాలి ముందునుంచే తగులుతుంది. ఇక దారం ఎప్పుడు వదులవుతుంది, చెప్పు?"

లెక్క రెండుసార్లు చూశాను. తప్పు దొరకలేదు. భౌతికశాస్త్రం కూడా పిల్లల పక్షాన చేరాక పెద్దవాళ్లకు దిక్కు చరిత్రే. "రికార్డులు చూసుకో" అన్నాను. "500 మీటర్ల పరుగులో 50 నాట్లు దాటిన మొదటివాడు సెబాస్తియాన్ కాతెలాన్. 2008లో నమీబియాలో, ల్యూడెరిట్జ్‌లో, కైటు మీద. 2017లో అలెక్స్ కైజెర్గ్ ఇంకా పైకి, 57.97కి తీసుకెళ్లాడు. గంటకు 107 కిలోమీటర్లు! ఇద్దరూ నీళ్లను కోసుకుపోయే పలకల మీద. నీ రెక్కల మీద కాదు."

"నిజమే మామయ్యా. వాళ్లు తిన్నగా గాలివాటాన పోయారా?"

"లేదు, ఏటవాలుగా."

"మరి నేను చేసేది?"

నోరు మూసుకున్నాను. రెండు దారాలైనా, ఐదు దారాలైనా, పలకైనా, రెక్కలైనా చిన్నాయన మాట ఒక్కటే. గాలితో పోవచ్చు, గాలికి లొంగకూడదు. దారం చచ్చిపోనివ్వకూడదు. నేను పిక్కతో నేర్చుకున్నది ఈ పిల్ల పెన్సిలుతో నేర్చుకుంది. నా కోపమంతా అక్కడే ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. లెగెన్యూ సోదరుల్లో ఆ బ్రూనోయే తర్వాత బో కైటు తయారుచేశాడు. 2005 ప్రాంతంలో అది బజారుకొచ్చాక గాలికి నిజంగా బ్రేకులొచ్చాయి. కడ్డీ వదిలితే లాగుడు పోతుంది. అదీ చాలకపోతే నడుము దగ్గర ఎర్ర మీట ఉంటుంది, తోస్తే కైటు చచ్చుబడిపోతుంది. మా కాలంలో విసురుకు గాల్లోకి లేచి రాళ్ల మీద పడినవాళ్లున్నారు. అందరూ లేవలేదు. వాళ్లు గుర్తొచ్చినప్పుడు "మా రోజులే బాగుండేవి" అన్న మాట నోట్లోనే ఆగిపోతుంది.

పోయిన జూలైలో బుజ్జి బర్కిలీకి గాలివాటు ప్రయాణం పెట్టుకుంది. ఆవలి ఒడ్డున మేం ఉంటామన్నాను. "ఎందుకు మామయ్యా, లొకేషన్ షేర్ చేస్తాగా" అంది. చూశారా! ఇంట్లో కూర్చుని ఫోనులో చుక్కను చూడటం ఎదురుచూడటం ఎలా అవుతుంది? గాలివాటంగా పోవడం ఎవడైనా పోతాడు. ఆవలి ఒడ్డున ఒక మనిషి, ఒక ఫ్లాస్కు ఉంటేనే అది ప్రయాణం. పట్టుబట్టి బయల్దేరాం. మా ఆవిడ పులిహోర కలిపింది. క్రిస్సీలో బుజ్జి కైటు పట్టుకుని లేపి, ఆమె నీళ్లలో దిగాక కారెక్కాం.

శుక్రవారం సాయంత్రం. బర్కిలీకి పోయే బే బ్రిడ్జి మీద కార్ల రద్దీ చూడాలి. ఫోనులో బుజ్జి చుక్క అల్కట్రాజ్ దాటేసరికి మేం ఇంకా ఊళ్లోనే ఉన్నాం. చుక్క బర్కిలీ ఒడ్డుకు తగిలేసరికి మేం వంతెన మధ్యలో ఉన్నాం, తిన్నగా గాలివాటాన, అంగుళం కదలకుండా.

వెళ్లేసరికి ఆ పిల్ల రాళ్ల మీద, మడిచిన కైటు పక్కన కూర్చుని వణుకుతోంది. "నలభై నిమిషాలు మామయ్యా! ఫోన్‌లో మీ చుక్క చూస్తే కదలదు. ఏమైందో ఏమోనని ఎంత భయపడ్డానో!"

నేను నవ్వబోయాను. మా ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసి బుజ్జి చేతిలో పెట్టింది. నా వైపు చూడకుండా అంది:

"మా రోజుల్లో చుక్కలు కూడా లేవమ్మా. ఇవే రాళ్లు. రెండు గంటల పది నిమిషాలు. బైనాక్యులర్స్‌లో ఎర్రగా ఏది కనబడ్డా మీ మామయ్యే అనుకునేదాన్ని. ఒకటి నీళ్ల మీద తేలే డబ్బా. ఒకటి ఎవరో పడవ మీద ఆరేసుకున్న తువ్వాలు. ఇంకొకటి..."

ఇరవై ఏళ్లు దాటినా ఈ తువ్వాలు సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు కథ నేను ఎన్నిసార్లు చెప్పానో! చెప్పిన ప్రతిసారీ నా దారం గురించే చెప్పాను.

ఆవిడ ఇంకా చెబుతోంది. నాకెందుకో కారుకు తాళం వేశానో లేదో వెళ్లి చూసుకోవాలనిపించింది.